రెండు ముడుల సీసా

మహాలక్ష్మమ్మ ముగించిన ఆఖరి పని ఒక గాజుసీసా మెడకు వల దారం కట్టడం.

గురువారం పొద్దున ఎనిమిదింటికి వంటింటి గట్టు దగ్గర నిలబడి, దారాన్ని పళ్ళతో తెంపి, సీసా మెడ చుట్టూ తిప్పి ఒక ముడి వేసింది. దాని పక్కనే ఇంకో ముడి. గట్టిగా పడ్డాయో లేదో గోటితో లాగి చూసుకుని, ఫ్రిజ్ కింది అరలో పెరుగు గిన్నె వెనక్కి ఆ సీసాను తోసి తలుపు వేసింది.

ఆఫీసుకు బయల్దేరుతున్న కోడలు తేజస్విని గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ అది చూసింది.

"అత్తయ్యా, రెండో ముడి పడిందంటే ఆ సీసా పారబొయ్యాల్సిందే. అట్టా వెనక దాచిపెట్టకండి."

"ముందు నువ్వు ఆటో ఎక్కు తల్లీ. కేరేజీ మర్చిపోయి సైన్సు చెప్తంది చూడు నాకు."

నిజంగానే కేరేజీ గట్టు మీద ఉండిపోయింది. మహాలక్ష్మమ్మ దాన్ని తెచ్చి కోడలి చేతిలో పెట్టింది. వాళ్ళిద్దరి మధ్య అవే చివరి మాటలు. పన్నెండున్నరకు ముల్లంగి చెక్కుతూ మహాలక్ష్మమ్మ అరుగు మీదే ఒక పక్కకు ఒరిగిపోయింది. బందరు ఆసుపత్రికి చేరేసరికే ప్రాణం లేదన్నారు.

ఆ సీసాలో ఏముందో, ఆ ముడులేమిటో చెప్పాలంటే ముందు ఉప్పు సంగతి చెప్పాలి.

మహాలక్ష్మమ్మది ఉప్పు చెయ్యి. పుట్టిల్లు దివిసీమలో, నాగాయలంక అవతల, కృష్ణ సముద్రంలో కలిసే దగ్గర. పదిహేడో ఏట పెళ్ళై బందరు పక్కన గిలకలదిండికి వచ్చింది. అప్పటినుంచి నలభై అయిదేళ్ళు చేపను నిలువునా చీల్చడం, ఉప్పు దట్టించడం, తొట్టిలో పేర్చడం, ఎండబెట్టడం. వంజరానికెంత ఉప్పు, పండుగప్పకెంత ఉప్పు అన్నది ఆవిడ కొలిచేది కాదు. పిడికిలి తెరిచి మూసేది, అంతే. వానాకాలంలో ఒకలా, ఎండాకాలంలో ఒకలా ఆ పిడికిలి తనంతట తనే పెద్దదీ చిన్నదీ అయ్యేది. అరచేతుల చర్మం తెల్లగా పగిలి ఉండేది. ఆ చేత్తో చెంప నిమిరితే గరుకుగా తగిలేది.

భర్త నాంచారయ్య బోటు నడిపే సరంగు. కొడుకు నరేంద్ర అదే బోటు మీద ఇంజను చూసుకుంటాడు. కోడలు తేజస్విని మాత్రం గుడివాడ పిల్ల. కులం ఒకటే అయినా ఆమె తండ్రి సముద్రం మొహం ఎరగడు, ఆర్టీసీ డిపోలో మెకానిక్కు. కెమిస్ట్రీతో బీఎస్సీ చేసిన తేజస్విని బందరులో నీళ్ళ పరీక్షలు చేసే ల్యాబ్‌లో పనిచేస్తుంది. కాపురానికొచ్చిన కొత్తలో కవళ్ళకీ నెత్తళ్ళకీ తేడా తెలీక వీధి వీధంతా నవ్వించింది. "మా కోడలు నీళ్ళని చూసి రోగం చెప్తది గానీ చేపని చూసి పేరు చెప్పలేదు" అని మహాలక్ష్మమ్మ ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పేది, గొప్పగానే.

నిరుడు కార్తీకంలో నాంచారయ్యకు గుండె జబ్బు వచ్చింది. ఒంట్లో నీరు చేరుతోందనీ, మందులతో పాటు ఉప్పు మూడో వంతుకు తగ్గించాలనీ గుడివాడ డాక్టరు చెప్పాడు. ఉప్పుచేప వద్దు. ఆవకాయ వద్దు. అప్పడం కూడా వద్దు.

నాంచారయ్య మందులు వేసుకున్నాడు. అన్నం మానేశాడు. మానేశాడంటే మొండికేసి కాదు, నోట్లో పెట్టుకుంటే దిగేది కాదు. రెండు ముద్దలు తిని కంచంలోనే చెయ్యి కడిగేసేవాడు. అలాగని ఆయనకు వేరే వండి తక్కినవాళ్ళు ఉప్పుతో తింటే ఊరుకునేవాడు కాదు. "నాకొక్కడికే పథ్యం పెట్టి మీరు లొట్టలేసుకుంటా తింటారా? నేనేవన్నా పురిటి మనిషినా?" అనేవాడు. దాంతో ఇంటిల్లిపాదీ చప్పిడి కూరలే తిన్నారు. ఒకరోజు తేజస్విని కేరేజీ సర్దుకుంటూ, "నాకు మాత్రం ఆఫీసులో కూసింత ఉప్పుంటే బాగుండు అత్తయ్యా" అని నవ్వింది. మహాలక్ష్మమ్మ వినిపించుకున్నట్టు లేదు.

చలికాలం దాటేసరికి నాంచారయ్య డెబ్భై కిలోల నుంచి అరవై ఒకటికి దిగాడు. చొక్కా భుజాల మీద వేలాడేది. ఏప్రిల్‌లో చెకప్‌కి వెళ్తే డాక్టరు కాగితం మూసి మహాలక్ష్మమ్మ వైపు తిరిగాడు.

"మందులు పనిచెయ్యాలంటే మనిషి తినాలి కదమ్మా. ఇట్లా అయితే కష్టం. ఉప్పు లేకుండా ఆయన తినేదేదో మీరే కనిపెట్టాలి."

"ఉప్పు లేకుండానా అండీ? నాకు ఇంకోటి చేతకాదండి" అందావిడ. జీవితంలో మొదటిసారి ఆవిడ గొంతులో భయం వినిపించింది తేజస్వినికి.

ఆ రోజే, గుడివాడ బస్టాండు ఎదురుగా, ఒక ఫాస్ట్ ఫుడ్ బండి దగ్గర కథ మలుపు తిరిగింది. ఆకలేస్తోందని తేజస్విని నూడిల్స్ చెప్పింది. నాంచారయ్య స్టూలు మీద మొహం ముడుచుకుని కూర్చున్నాడు. బల్ల మీద ఒక సీసాలో తరిగిన పచ్చిమిరపకాయ ముక్కలు నీళ్ళలాంటి దాంట్లో మునిగి ఉన్నాయి. ఊసుపోక ఒక ముక్క తీసి నోట్లో వేసుకున్నాడు. కనుబొమలు పైకి లేచాయి. ఇంకోటి వేసుకున్నాడు. తర్వాత సీసానే దగ్గరకు లాక్కున్నాడు.

మహాలక్ష్మమ్మ కళ్ళార్పకుండా చూసింది. అయిదు నెలల్లో ఆయన తనంతట తను చెయ్యి చాపిన మొదటి తిండి అది.

"ఏం బాబూ, ఇందులో ఏం పోశావు?"

"వెనిగరండీ."

"ఎవరు గారు?"

"వెనిగర్ అండీ, వెనిగర్. పుల్లనీళ్ళు. రాత్రి ముక్కలేస్తే పొద్దున్నకి రెడీ."

"రాత్రేస్తే పొద్దున్నకా! ఉప్పెంత?"

"ఉప్పెందుకండీ ఇందులో? పులుపే కదా ఉంచేది."

మహాలక్ష్మమ్మ బస్సులో బందరు దాకా ఆ మాటనే తిప్పి తిప్పి అంది. "పులుపే ఉంచుద్దంటే! ఉప్పు కాదంట, పులుపంట! నిజమేనా అమ్మాయ్?"

నిజమేనని తేజస్విని చెప్పింది. తిండిని పాడుచేసే సూక్ష్మజీవులకు నీళ్ళు కావాలి. ఉప్పు ఆ నీళ్ళు వాటికి అందకుండా పట్టేసుకుంటుంది, అందుకే ఉప్పుచేప నిలవుంటుంది, ఆవకాయ నిలవుంటుంది. పులుపు చేసేది ఇంకో పని. నీళ్ళు ఉన్నా ఆ జీవులు అందులో బతకలేవు. ఒక గీత ఉంది, పులుపు ఆ గీత దాటితే ప్రమాదకరమైనవి తలెత్తలేవు. పైగా ఫ్రిజ్ చలి ఒకటి తోడు.

"అంటే ఉప్పుది దడి కట్టడం, పులుపుది విషం పెట్టడం అన్నమాట."

"అంతే అత్తయ్యా!" తేజస్విని చప్పట్లు కొట్టింది. ల్యాబ్‌లో తనకు నేర్పినవాళ్ళెవరూ ఇంత బాగా చెప్పలేదు.

ఆ సాయంత్రమే వెనిగర్ సీసా ఇంటికొచ్చింది. మహాలక్ష్మమ్మ దానికి ఆ ఇంట్లో 'గారు' అని పేరు పెట్టింది. "గారిని ఇటందుకో", "గారు అయిపోవచ్చారు" అనేది. మర్నాడు, ఘాటు వాసన నచ్చక, గారిని రెండు మూతలే పోసి, మిగతా సీసా అంతా నీళ్ళు నింపి కీరదోస ముక్కలు వేసింది. ఆఫీసునుంచి వచ్చిన తేజస్వినికి అది తెలియనే తెలియదు.

నాలుగో రోజు పక్కింటి కుమారి వచ్చింది. ఎండుచేపల పనిలో మహాలక్ష్మమ్మకు ముప్ఫై ఏళ్ళ జత. మోచేతి దాకా బంగారు పూత పూసిన చిలకలపూడి గాజులు, నోటికి తాళం లేని మనిషి. "ఏదక్కా, నీ గారిని చూపిచ్చు" అంటూ సీసా మూత తిప్పింది. బుస్సుమంది. నురగ పొంగి గాజుల మీదుగా కారింది. కుమారి సీసా గట్టు మీద పడేసి వాకిట్లోకి పరుగెత్తింది.

"ఇది పచ్చడి కాదక్కోయ్, సోడా! బావకి పెట్టావంటే గుండె కాదు, మొత్తం మనిషే పేలిపోతాడు!"

మహాలక్ష్మమ్మ నవ్వలేదు. మూలకు పోయి కూర్చుంది. తేజస్విని ఆఫీసునుంచి వచ్చి సంగతంతా విని, సీసా వాసన చూసి, దొడ్లోకి వెళ్ళింది. దడి మీద శంఖుపూల తీగ ఉంది. గుప్పెడు నీలం పూలు కోసుకొచ్చి వేడినీళ్ళలో వేసింది. నీళ్ళు సిరా నీలం అయ్యాయి. కిటికీ గట్టు మీద మూడు గాజు గ్లాసుల్లో తలా కొంచెం పోసింది.

"ఇటు రండి అత్తయ్యా. మావయ్యా, మీరూ రండి."

మొదటి గ్లాసులో వెనిగర్ పోసింది. నీలం కళ్ళముందే గులాబీ అయిపోయింది.

"ఓరి నాయనో!" అంది కుమారి.

రెండో గ్లాసులో పాడైన సీసాలోని నీళ్ళు పోసింది. నీలం కాస్త ఊదాకు తిరిగి, అక్కడే ఆగిపోయింది. మూడోదాంట్లో ఏం పొయ్యాలా అని ఒక్క క్షణం ఆలోచించి, "మీరు సీసాలో పోసిన నీళ్ళు ఎక్కడివి?" అని అడిగింది.

"బోరువి. ఇంకెక్కడివి? తాగే టిన్ను నీళ్ళు ముక్కలకెవరు పోస్తారు?"

బోరు నీళ్ళు పోసింది. నీలం నెమ్మదిగా పచ్చదనానికి తిరిగింది. గులాబీకి పూర్తిగా అటువైపు.

తేజస్విని ఆ గ్లాసు పట్టుకుని కిటికీ వెలుతురులో తిప్పుతూ ఉండిపోయింది. రోజూ ఊరూరి నీళ్ళు పరీక్ష చేసే తను మూడేళ్ళుగా సొంత ఇంటి బోరును పరీక్ష చెయ్యలేదు! మర్నాడు సీసాడు నీళ్ళు ల్యాబ్‌కి పట్టుకెళ్ళింది. సాయంత్రం ఆటో దిగుతూనే అరిచింది.

"అత్తయ్యా! మీరు పోసిన రెండు మూతల పులుపులో సగం ఆ నీళ్ళే తినేశాయి. అది ఒకటి. ఇంకోటి వినండి. ఆ నీళ్ళ నిండా ఉప్పుంది!"

"ఉప్పా? చప్పగా ఉంటాయి కదే?"

"మీకు చప్పన! నాకు కాపురానికొచ్చిన కొత్తలో ఉప్పగా తగిలేవి. తర్వాత నాకూ అలవాటైపోయింది. అన్నం ఆ నీళ్ళతోనే, పప్పు ఆ నీళ్ళతోనే. మనం చిటికెడు వెయ్యకపోయినా మావయ్య కంచంలోకి ఉప్పు వస్తూనే ఉంది."

మహాలక్ష్మమ్మ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. సముద్రం ఒడ్డున పుట్టి పెరిగిన నాలుకకు ఆ నీళ్ళలో ఉప్పు తెలియదు. పుట్టి ఎరిగిన నీళ్ళ రుచి అదే మరి. ఆ పూట నుంచి ఆ ఇంట్లో వంట మొత్తం టిన్ను నీళ్ళతోనే. నెల తిరగకుండా నాంచారయ్య పాదాల వాపు సగానికి తగ్గింది.

అయినా ఆయన తినాలి కదా. సగం యుద్ధమే గెలిచారు.

చేపల వేట నిషేధం రోజులవి. బోట్లన్నీ రేవులో కట్టేసి ఉన్నాయి. నరేంద్ర వాకిట్లో వల బాగుచేసుకుంటూ ఉండేవాడు. చేపల పని లేక మహాలక్ష్మమ్మ పొద్దస్తమానం వంటింట్లోనే. ఈసారి వెనిగర్ ఎంతో టిన్ను నీళ్ళు అంతే పోసింది. శంఖుపూల నీళ్ళలో చుక్క వేస్తే గులాబీ! గంతేసినంత పని చేసింది. తెల్లవారాక మళ్ళీ వేసి చూస్తే గులాబీ కాస్తా నేరేడు రంగుకు జారింది. ముక్క కొరికితే మెత్తగా, నీళ్ళునీళ్ళుగా ఉంది.

"ముక్కే నీళ్ళు కక్కింది అమ్మాయ్. గారిని పలచన చేసేసింది. ముందు ఊట తియ్యకపోతే ఎట్టా?"

ఊట అంటే ఉప్పు తగిలినప్పుడు చేపలోంచో ముక్కలోంచో బయటికొచ్చే నీరు. తేజస్విని ఉత్సాహంగా, "బయట ఉప్పెక్కువుంటే లోపలి నీళ్ళు బయటికి..." అని మొదలుపెట్టింది.

"నాకు చెప్తావా? నలభై అయిదేళ్ళు ఆ ఊటలోనే నానాయి నా కాళ్ళు."

ఉప్పు రాసి ఊట తీసి కడిగేస్తే పోదా? ఉప్పుచేప వండే ముందు నానబెట్టి కడిగినట్టే కడిగారు, రెండుసార్లు. తేజస్విని ల్యాబ్‌నుంచి తెచ్చిన పెన్నులాంటి మీటరు పెట్టి, పిండిన నీళ్ళలో చూసింది. ఉప్పు ఇంకా ఉంది. పైపైదే పోయింది, లోపలికి దిగింది దిగనే దిగింది. మామూలు మనుషులకు పరవాలేదు. నాంచారయ్యకు కాదు.

ఉప్పు లేకపోతే ఊట రాదు. ఊట రాకపోతే ముక్క కరకరలాడదు, పులుపు నిలబడదు. మూడు రోజులు మహాలక్ష్మమ్మ ఈ ముడి దగ్గరే ఆగిపోయింది. నాంచారయ్య మెత్తటి కీరదోస ముక్కను కంచం అంచుకు నెట్టి, "ఇది ఆ గుడివాడ బండోడిది కాదు" అని లేచిపోయాడు.

నాలుగో రోజు పొద్దున కుమారి అరుగు మీద కూర్చుని వేట లేని రోజులను తిట్టుకుంటోంది. "ఈపాటికి నెత్తళ్ళు దిగేయి అక్కా. ఇసకలో పరిస్తే పొద్దు గూకేసరికి గలగలలాడేయి. ఉప్పు బాధ లేదు, తొట్టి బాధ లేదు."

మహాలక్ష్మమ్మ తరుగుతున్న కత్తిపీట దగ్గరనుంచి లేచి నిలబడింది.

"ఏవన్నావే?"

"ఏవన్నాను? నెత్తళ్ళన్నాను."

"నెత్తళ్ళకి మనం ఉప్పేస్తామా?"

"నీకేవన్నా మతి పోయిందా? నెత్తళ్ళకి ఉప్పేందక్కా, వేలెడంత చేపకి?"

"అదేనే! పెద్ద చేపకి ఉప్పు. ఎండ లోపలికి దిగేలోపు కుళ్ళిపోద్ది కాబట్టి. నెత్తళ్ళకి ఎండే చాలు. గాలే చాలు! నేను ఈ కీరదోసని వంజరంలా కోస్తన్నాను. నెత్తళ్ళలా కొయ్యాలి!"

తేజస్విని స్నానం చేసి తల తుడుచుకుంటూ వచ్చేసరికి అత్తగారు వెదురు పందిరి కడుగుతోంది. ఎండుచేపలు ఆరబెట్టే పందిరి, నిషేధం రోజులు కాబట్టి ఖాళీగా ఉంది. దాని మీద ఉతికిన పంచె పరిచి, కాగితంలా కోసిన కీరదోస చక్రాలు, ముల్లంగి చక్రాలు ఒకదానికొకటి తగలకుండా పేర్చింది. నాంచారయ్య పంచె అది.

"నా పంచె మీద కూరగాయలు ఎండబెడతన్నారా?" ఆయన గుమ్మంలోంచి అరిచాడు.

"ఊరుకోవయ్యా, పంచెకి గుండె జబ్బు లేదులే!"

తేజస్విని ఆఫీసుకు సెలవు పెట్టేసింది. ఆగలేకపోయింది. ముక్క మందం రెట్టింపైతే నీళ్ళు బయటికి రావడానికీ, పులుపు లోపలికి దిగడానికీ పట్టే సమయం నాలుగింతలు అవుతుంది. సగం చేస్తే నాలుగో వంతుకు దిగుతుంది. కాలేజీలో బట్టీ పట్టిన ఆ సూత్రం తన వాకిట్లో పంచె మీద ఎండుతోంది! గంటకోసారి ముక్కలను ఇంట్లోకి తెచ్చి వంటింటి తూకంలో పెట్టి చూసింది. సముద్రపు గాలికి రెండు గంటల్లో బరువు మూడో వంతు పోయింది. ముక్కలు అంచుల్లో ముడుచుకుని, వంచితే విరగకుండా వంగాయి. ఒక్క గింజ ఉప్పు తగల్లేదు.

"దాహంతో ఉన్నాయి ఇవి" అంది మహాలక్ష్మమ్మ ఒక ముక్కను వేళ్ళ మధ్య నలిపి. "ఇప్పుడు గారు పోస్తే తాగుతాయి చూడు."

వెనిగర్‌ను కాచింది. మరిగించనివ్వలేదు తేజస్విని. మరీ వేడెక్కితే కాయకు గట్టిదనమిచ్చే జిగురు కరిగిపోయి ముక్క మెత్తబడుతుంది. పొగలు మొదలవగానే దింపారు. సత్తు గిన్నె వద్దు, స్టీలుదే వాడాలంది. పులుపు సత్తును తినేస్తుంది. "సత్తునే తింటే నా గాజుల్నేం చేసుద్దో" అని కుమారి ఆ రాత్రి ఒక చిలకలపూడి గాజు వెనిగర్‌లో వేసి చూసింది. తెల్లారేసరికి బంగారం పోయి రాగి తేలింది. ఆ గాజును చేతికి వేసుకుని వీధంతా చూపించింది.

ఆవపొడి, అల్లం ముక్కలు, చీరిన పచ్చిమిరపకాయలు, చిన్న బెల్లం ముక్క వేశారు. ఉప్పు లేని వెలితిని కారం, ఘాటు, తీపి తలా కాస్త పూడ్చాలి. వేడి వెనిగర్ పోయగానే సీసాలో ముక్కలు సన్నగా బుడగలు వదిలాయి. లోపలి గాలి పోతోంది, ఆ చోటులోకి పులుపు దిగుతోంది. అత్తాకోడళ్ళు సీసాకు మొహాలు ఆనించి చిన్నపిల్లల్లా చూశారు.

మర్నాడు పొద్దున శంఖుపూల నీళ్ళలో చుక్క వేస్తే గులాబీ. జారలేదు. తేజస్విని ల్యాబ్ కాగితం ముంచి చూసింది. పులుపు గీతను ఎప్పుడో దాటింది, భద్రంగా ఉంది.

మధ్యాహ్నం నాంచారయ్య కంచంలో పప్పన్నం పక్కన నాలుగు ముక్కలు వేశారు. ఆయన చూశాడు. ఒకటి నోట్లో వేసుకున్నాడు.

కరకరమంది.

వంటింటి గుమ్మం వెనక నిలబడ్డ ముగ్గురు ఆడవాళ్ళకూ ఆ చప్పుడు వినిపించింది. కుమారి తేజస్విని చెయ్యి గిల్లింది. ఇంకో కరకర. తర్వాత ముద్ద. మళ్ళీ కరకర. కంచం ఖాళీ అయింది. నాంచారయ్య గొంతు సవరించుకున్నాడు.

"ఏమే, అన్నం ఉందా, అయిపోయిందా?"

మహాలక్ష్మమ్మ అన్నం గిన్నె పట్టుకుని వెళ్ళింది. ఆయన మొహం చూడకుండానే, "ఉప్పు లేదంట, పర్లేదా?" అంది.

"ఉప్పు లేదా? నాకు తెలీలేదే!" అన్నాడాయన. అబద్ధమని అందరికీ తెలుసు. ఆ అబద్ధానికి ఆవిడ మొహం చాటంత అయింది.

ఆపైన ఇల్లంతా సీసాలే. కీరదోస, ముల్లంగి, ఉల్లిపాయ, బీన్సు. నాంచారయ్య ఒక్క క్యారెట్ మాత్రం ముట్టేవాడు కాదు. "కుందేలు తిండి" అనేవాడు. జూలైలో డాక్టరు తూకం చూసి, కాగితం చూసి, మళ్ళీ తూకం చూశాడు. అరవై అయిదు కిలోలు. "ఏం పెడుతున్నారమ్మా?" అంటే మహాలక్ష్మమ్మ సంచిలోంచి సీసా తీసి బల్ల మీద పెట్టింది. డాక్టరు అక్కడే రెండు ముక్కలు తిన్నాడు.

ఇన్ని సీసాలయ్యేసరికి తేజస్విని ఒక నియమం పెట్టింది. ఇది ఆవకాయ కాదు, ఏడాది ఉండదు. ఫ్రిజ్‌లో రెండు వారాలు, అంతే. ఏ సీసా ఎప్పటిదో గుర్తుండాలి. అంటించిన కాగితం తడికి ఊడిపోయేది. వాకిట్లో వల దారం ఉండనే ఉంది.

"వారం తిరగ్గానే ఒక ముడి వెయ్యండి అత్తయ్యా. రెండో వారానికి రెండో ముడి. రెండు పడితే ఇంక పారబోసెయ్యడమే."

"సరేలే తల్లీ. ముడులు నాకు నేర్పుతావా?"

ఆ వానాకాలమంతా తేజస్విని కేరేజీలో ఒక చిన్న డబ్బా అదనంగా వచ్చేది. క్యారెట్ ముక్కలు. విచిత్రమేమిటంటే ఇంట్లో తిన్నదానికంటే ఆఫీసులో తిన్నది రుచిగా ఉండేది. దానికీ కారణం కనిపెట్టింది తేజస్విని. పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా ఫ్రిజ్ బయట ఉంటుంది కదా, ఆ వెచ్చదనానికి ఘాటు తగ్గి రుచులు కలిసిపోతాయి. ఒక సాయంత్రం ఇదంతా అత్తగారికి విడమర్చి చెప్పింది. మహాలక్ష్మమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"అలాగా? మీ సైన్సు అలా చెప్పిందా?"

"మీకు నవ్వులాటగా ఉంది గానీ అది నిజం!"

"నేనేవన్నా కాదన్నానా?"

అక్టోబరులో ఆ గురువారం వచ్చింది.

పదకొండో రోజు కర్మ ముగిసి, బంధువులు దివిసీమ బస్సు ఎక్కాక, మర్నాడు తేజస్విని ఫ్రిజ్ తెరిచింది. ఇల్లు తుడుచుకోవాలి, ఏదో ఒక పని చెయ్యాలి. పై అరలో ఒక ముడి సీసాలు రెండున్నాయి, కీరదోసవి. గురువారానికే వారం దాటాయన్నమాట, ఇంక రెండో ముడి వేసే చెయ్యి లేదు. వాటిని పారబోస్తానంటే నాంచారయ్య సీసా పట్టుకుని వదల్లేదు. "ఉండనియ్యి అమ్మా. ఈ రెండు పూట్లా తింటాను" అన్నాడు. ఒకటి తెరిచి శంఖుపూల నీళ్ళలో చుక్క వేసి చూసింది. గులాబీ. సరే అంది.

కింది అరలో పెరుగు గిన్నె వెనక రెండు ముడుల సీసా దొరికింది. క్యారెట్. ఆ పొద్దున అత్తగారు కట్టడం తను చూసిందే. అప్పటికే రెండు వారాలు, ఆపైన ఇంకో పన్నెండు రోజులు. దీన్ని పరీక్ష చెయ్యాల్సిన అవసరమే లేదనిపించింది. నియమం తను పెట్టిందే కదా. దొడ్లోకి తీసుకెళ్ళి, దడి పక్కన ఇసకలో పారబోసి, సీసా కడిగి అరుగు మీద బోర్లించింది. దారం మాత్రం విప్పబుద్ధి కాలేదు.

సాయంత్రం కుమారి వచ్చి పక్కన కూర్చుంది. చేతికి ఆ రాగి తేలిన గాజు ఇంకా ఉంది. బోర్లించిన సీసాను చూసి, చేతిలోకి తీసుకుని, ముడులు తడిమింది.

"అప్పుడే అయిపోగొట్టావా నీ సీసా?"

"నాదేంటి పిన్నీ? పాతబడిపోయింది. పారబోశాను."

"పాతదేంటే? ఆ గురువారం పొద్దున్న నేను ఇక్కడే ఉన్నానుగా. నా ముందే ఆరిన క్యారెట్ ముక్కలకి గారిని కాచి పోసింది. వేడి తగ్గాక మెడకి దారం కట్టుకుంటానంది."

"మరి రెండు ముడులు..."

"రెండు ముడులంటే నీది. ఒక ముడి మీ మావయ్యది."

"వారానికొక ముడి అని చెప్పాను కదా పిన్నీ అత్తయ్యకి."

"వారమేంటే గుడివాడ పిల్లా? తొట్టి దగ్గర పదిమంది బుట్టలుంటే ముడులు చూసేగా మేం గుర్తుపట్టేది? మా దగ్గర ముడి ఎవరిదో చెప్తది, ఎప్పటిదో చెప్పదు. ఎప్పటిదో ఆవిడ బుర్రలోనే ఉండేది." కుమారి సీసాను మళ్ళీ బోర్లించి పెట్టింది. "నీదాంట్లో ఉప్పేసేది. మావయ్యకి తెలిస్తే అలుగుతాడని వెనకాల దాచేది."